కుందమ్మ చెరువు, పేరమ్మ కోట

అనగనగా, మా అమ్మమ్మకి అమ్మమ్మ కూడా ఇంకా పుట్టని కాలంలో, ఒక ఊళ్ళో ఒక పెద్ద చెరువు ఉండేదమ్మా. ఎంత పెద్దదంటే, ఈ గట్టున నిలబడి పిలిస్తే ఆ గట్టున ఉన్నవాళ్ళకి వినపడదు. దాని కింద ఎన్నో ఊళ్ళ పొలాలు పండేవి.

ఆ ఊళ్ళని ఏలేవాడు దామానాయకుడు. రాజు కాదు, రాజుగారి కింద ఒక చిన్న దొర. ఆయన మొదటి భార్య కుందమ్మ. ఆ చెరువు తవ్వించింది ఆవిడే. రెండు గుట్టల మధ్య కట్ట వేయించింది. కూలివాళ్ళతో పాటు తనూ నెత్తిన తట్ట పెట్టుకుని మట్టి మోసిందట. చెరువు నిండిన ఏడే ఆవిడకి జ్వరం వచ్చింది. చిన్న కూతుర్ని వదిలేసి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి దామానాయకుడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ పెళ్ళికూతురు పేరు పేరమ్మ. మన కథ ఈ పేరమ్మదే.

సవతితల్లి అనగానే మొహం అలా పెట్టకు. పేరమ్మ చెడ్డది కాదు. అందరూ మగపిల్లలే ఉన్న ఇంట్లో లేక లేక పుట్టిన ఆడపిల్ల. పండు తెస్తే మొదట ఆమెకే. చీర నేయిస్తే మొదట ఆమెకే. తనకంటే ముందు ఇంకొకరు ఉంటారన్న సంగతి ఆ పిల్లకి అసలు తెలియదు.

పల్లకీలో అత్తవారింటికి వస్తోంది. ఎండ మండిపోతోంది. బోయీలు చెరువు కట్ట దగ్గర పల్లకీ దించి, దోసిళ్ళతో నీళ్ళు తాగి, "కుందమ్మ తల్లి చల్లగా ఉండాలి" అన్నారు. ఆ తర్వాత ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి పేరమ్మకి ఇచ్చారు.

"కుందమ్మ ఎవరు?" అని అడిగింది పేరమ్మ.

"అయ్యగారి పెద్దిల్లాలు తల్లీ. ఈ చెరువు ఆ తల్లి పెట్టిన భిక్షే" అన్నాడు ముసలి బోయీ.

పేరమ్మ చెంబు పెదవుల దాకా తీసుకుంది. గొంతు ఎండిపోయి ఉంది. అయినా ఆ గుక్క దిగలేదు. అదిగో, అక్కడ పుట్టిందమ్మా అసూయ. ఆవగింజంత.

ఇంటికి వచ్చింది. అన్నం వడ్డించారు. "కుందమ్మ చెరువు కింద పండిన బియ్యమమ్మా, ఎంత తెల్లగా ఉన్నాయో చూడండి" అంది వంటామె. పూజకి తామరపూలు తెచ్చారు. అవీ కుందమ్మ చెరువువే. పులుసులో చేప కుందమ్మ చెరువుది. బట్టలు ఉతికింది కుందమ్మ చెరువులో. పేరమ్మ ఏది తాకినా, ఏది తిన్నా, దాని వెనక ఆ పేరే.

ఇంక ఆ చిన్నపిల్ల ఉంది కదా, కుందమ్మ కూతురు. దాని పేరు చెన్నక్క. అందరూ చెన్నీ అని పిలిచేవాళ్ళు. పేరమ్మని పిన్నమ్మా అని మర్యాదగానే పిలిచేది. పిలిచి, ఏదో పనుందని చెప్పి, పరుగున కట్ట మీదికి పోయి కూర్చునేది. తల దువ్వుతానంటే, "చెరువు దగ్గర దువ్వుకుంటా" అనేది.

బతికున్న సవతైతే పోట్లాడొచ్చు, అలగొచ్చు, జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు. పోయినావిడతో ఏం పోట్లాడతాం? ఆవిడ ముసలిదవదు. కూర మాడ్చదు. కోపంలో నోరు జారదు. రోజురోజుకీ ఇంకా మంచిదైపోతుంది. పేరమ్మ ఏం చేసినా, "కుందమ్మగారైతే" అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి, మాట మింగేసేవాళ్ళు ఇంట్లోవాళ్ళు. అంటే కూడా అంత బాధ ఉండేది కాదేమో. ఆ మింగేయడమే ముల్లులా గుచ్చుకునేది.

అప్పుడు పేరమ్మ ఒకరోజు మొగుడి దగ్గరికి వెళ్ళింది. "చెరువుకి నా పేరు పెట్టించండి" అంది.

దామానాయకుడు మాట తక్కువ మనిషి. ఆమె వంక కాసేపు చూశాడు. "పేరుదేముంది, పెట్టించుకో" అన్నాడు.

దండోరా వేయించారు. "ఇవాల్టి నుంచి ఇది పేరమ్మ చెరువహో" అని ఊరూరా డప్పు కొట్టారు. పేరమ్మ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

తెల్లవారి చాకలామె మూట దించుతోంది. కొత్తగా పనిలో చేరిన పిల్ల, "ఎక్కడికి పోయొచ్చావు పెద్దమ్మా?" అని అడిగింది.

"పేరమ్మ చెరువుకే."

"అదెక్కడుంది?"

"ఎక్కడేమిటే, అదే మన కుందమ్మ చెరువు" అంది చాకలామె.

తలుపు వెనకనుంచి పేరమ్మ వింది. చాకలామె తప్పేం లేదు పాపం. చెప్పిన మాట ప్రకారం కొత్త పేరే పలికింది. కానీ ఆ పేరు ఎవరికి అర్థం కావాలన్నా పాత పేరు కావాల్సి వచ్చింది. అప్పుడు ఆవగింజ కాస్తా రేగ్గింజంత అయింది.

ఆ తర్వాత ఆమెకి ఇంకో ఆలోచన వచ్చింది. చెరువు కనబడుతోంది కాబట్టే కదా అందరూ ఆ పేరు తలుచుకుంటున్నారు. చెరువు కంటే పెద్దది, చెరువు కంటే ఎత్తైనది ఒకటి కడితే సరి. అప్పట్లో పక్క దొరలు పంటలు ఎత్తుకుపోవడానికి గుర్రాలేసుకుని వస్తుండేవాళ్ళు. అందుకని దామానాయకుడికీ కోట కావాలనే ఉంది. పేరమ్మ కట్ట పక్కనున్న గుట్టని చూపించి, "ఇక్కడే కట్టండి. కట్టించే భారం నాది" అంది.

మొదలుపెట్టారమ్మా కోట. ఏనుగంత రాళ్ళు దొర్లించారు. సున్నమూ గిన్నమూ లేదు, రాయి మీద రాయి బిగించి పేర్చడమే. పేరమ్మ ఎండలో నిలబడి, గొడుగు కూడా వద్దని, పనివాళ్ళతో పాటే గంజి తాగి కట్టించింది. గొప్పగానే కట్టించింది, ఆ మాట చెప్పుకోవాలి. కానీ చెరువు వైపు గోడకి మాత్రం ఒక్క కిటికీ పెట్టనివ్వలేదు.

"గాలి ఆడదమ్మా" అన్నారు పనివాళ్ళు.

"ఆడకపోతే విసనకర్ర ఉంది" అంది.

కోట పూర్తయింది. గృహప్రవేశం అయింది. ఒకరోజు దూరదేశపు వర్తకులు ఎద్దుల మీద సరుకు వేసుకుని వచ్చారు. దర్వాజా దగ్గర వాళ్ళని ఆపారు. వాళ్ళలో పెద్దాయన తలపాగా సర్దుకుని గోడల వంక నోరు తెరుచుకుని చూశాడు. పేరమ్మ పైనుంచి చూస్తోంది. గుండె పొంగిపోయింది.

అప్పుడతను కాపలావాణ్ణి అడిగాడు. "కుందమ్మ చెరువు కోట అంటారే, అది ఇదేనా?"

చూశావా. చెరువు పేరు మార్చబోతే, ఆ చెరువే వచ్చి కోటని మింగేసింది. పేరమ్మ ఆ పూట అన్నం తినలేదు. కిటికీ లేని గోడ ముందు కూర్చుని, దాన్నే చూస్తూ ఉండిపోయింది. రేగ్గింజ ఇప్పుడు ఈతకాయంత కూడా కాదు, ఏకంగా తాటికాయంత అయి గొంతుకి అడ్డం పడింది.

ఆ తర్వాత రాజుగారి నుంచి కబురొచ్చింది. దామానాయకుడు భటుల్ని తీసుకుని ఎక్కడికో యుద్ధానికి వెళ్ళాడు. కోట పేరమ్మ చేతికి వచ్చింది.

అప్పుడామె కట్టకి సరిగ్గా పైన, గుట్ట అంచున, ఒక బురుజు మొదలుపెట్టింది. బురుజంటే కోటకి మూలన గుండ్రంగా లేచే కట్టడం. దాని మీద నిలబడితే చెరువు వాన నీటి గుంటలా కనబడాలి. అదీ ఆమె కోరిక.

బురుజు సగం లేచేసరికి రాయి అయిపోయింది. మంచి రాయి కావాలంటే దూరంనుంచి తేవాలి. వానాకాలం దగ్గర పడుతోంది. పేరమ్మ బురుజు మీదనుంచి కిందికి చూసింది. చెరువు కట్టకి నీళ్ళ వైపు, అలలు మట్టిని కోసేయకుండా, కుందమ్మ పేర్పించిన రాళ్ళు వరసగా మెరుస్తున్నాయి.

"వాటిల్లోంచి తీయండి. తర్వాత వేరేవి తెచ్చి పెడదాం" అంది.

పనివాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కానీ దొరసాని మాట. తీశారు. గుట్టకి దగ్గరగా ఉన్న కట్ట మొదలంతా ఉత్త మట్టి మిగిలింది.

చెన్ని అక్కడే కూర్చుని ఉంది. ఒక్కో రాయీ పెకలించి మోకుతో పైకి లాగుతుంటే చూసింది. ఆ తర్వాత మెట్లెక్కి పేరమ్మ దగ్గరికి వచ్చింది. "పిన్నమ్మా, అవి మా అమ్మ పెట్టించిన రాళ్ళు" అంది, మెల్లిగా.

పేరమ్మకి చిన్నపిల్లతో అనకూడని మాట వచ్చింది. "మీ అమ్మ లేదు. నేనున్నాను" అంది.

చెన్ని ఏడవలేదు. తల ఊపి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఏడిస్తే దగ్గరికి తీసుకునేదేమో. ఏడవకుండా వెళ్ళిన పిల్లని ఎలా పిలవాలో పేరమ్మకి తెలియలేదు.

బురుజు పూర్తయింది. పేరమ్మ పైకెక్కి నిలబడింది. నిజమేనమ్మా, చెరువు చిన్నగా కనబడింది. ఆ రోజంతా ఆమె అక్కడే ఉంది. గెలిచాననుకుంది. కట్ట మీద చీమంత చెన్ని కూర్చుని ఉంది, కోటకి వీపు పెట్టి. ఆ చీమ మీదినుంచి మాత్రం పేరమ్మ చూపు తిప్పుకోలేకపోయింది.

అప్పుడు వానలొచ్చాయి.

మొదట అందరూ సంబరపడ్డారు. ఆ తర్వాత భయపడ్డారు. ముసురు పట్టి వదలలేదు. వాగులన్నీ చెరువులోకి దూకాయి. అలుగు మీంచి నీళ్ళు ఎంత పోతున్నా చెరువు ఇంకా ఇంకా ఉబ్బుతూనే ఉంది. ఒకరోజు పొద్దున్న, అన్నాల వేళకి కాస్త ముందు, కింద ఊళ్ళో డప్పు మోగింది. కట్ట జారుతోంది.

ఎక్కడ జారుతోందో నేను చెప్పక్కర్లేదుగా. రాళ్ళు పీకిన చోటే.

జనం తట్టలు తీసుకుని పరిగెత్తారు. మట్టి పోశారు, నీళ్ళు మట్టిని పట్టుకుపోయాయి. గడ్డి మోపులు తొక్కారు, అవీ పోయాయి. కంపలు అడ్డం వేశారు. అల వచ్చి ఒక్క ఊపుతో లాగేసింది. పేరమ్మ వానలో దిగి వచ్చింది. ఊరి పెద్ద రావులయ్య మోకాళ్ళ లోతు బురదలో నిలబడి ఉన్నాడు.

"గండి పడితే ఏమవుతుంది?" అని అడిగింది.

"కింద ఊళ్ళేవీ ఉండవమ్మా. మనుషులుంటే అదృష్టం" అన్నాడు ఆయన. ఎవరు చేశారు, ఎందుకిలా అయింది అని ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు నేను చెప్పేది విను. పేరమ్మ ఆ నీళ్ళ వంక చూసింది. ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, పోనీ అనుకుంది. ఈ చెరువు పోతే ఆ పేరు పోతుంది. నీళ్ళతో పాటు కుందమ్మ కూడా కొట్టుకుపోతుంది. ఇంక నాకు ముందు ఎవరూ ఉండరు. మనసు అంత దూరం పోయింది. అసూయ అలాంటిదమ్మా. ఇల్లు తగలబడుతున్నా, పక్కింటి చూరు అంటుకుందా లేదా అని చూస్తుంది.

అప్పుడు ఎవరో ఆమె కొంగు పట్టి లాగారు. చెన్ని. తలనుంచి కాళ్ళ దాకా బురద. ఒళ్ళో మట్టి నింపుకుని పెద్దవాళ్ళ వరసలో నిలబడి మోస్తోంది.

"పిన్నమ్మా, నువ్వు ఇక్కడ నిలబడకు. ఇక్కడే జారుతోంది. పైకి వెళ్ళిపో, పడిపోతావు" అంది. అని, ఒళ్ళోని మట్టి నీళ్ళలో పోసి మళ్ళీ వెళ్ళింది.

ఈ ఊరు వచ్చిన నాటినుంచి పేరమ్మని గౌరవించినవాళ్ళున్నారు, భయపడినవాళ్ళున్నారు. పడిపోతావు అని చెప్పినవాళ్ళు లేరు. ఆమె ఆ పిల్ల వీపు చూసింది. ఆ తర్వాత తల ఎత్తి గుట్ట మీదికి చూసింది. ఏనుగంత రాళ్ళు, గుట్ట అంచున, సరిగ్గా గండికి పైన ఉన్నాయి.

గబగబా పైకెక్కింది. రాతిపనివాళ్ళని పిలిచింది. "బురుజు పడగొట్టండి. రాళ్ళు కిందికి దొర్లించండి" అంది.

వాళ్ళు కదల్లేదు. "నాయకుడు ఊళ్ళో లేడు తల్లీ. కోట పడగొడితే రేపు మా తలలు ఉంటాయా?" అన్నాడు మేస్త్రి.

"ముందు నా తల అడుగుతాడులే. పలుగు ఇటివ్వు."

పేరమ్మ కింద జనాన్ని తప్పుకోమని కేకేసి, పలుగు రాళ్ళ సందులో దూర్చి, బలమంతా పెట్టి ఎత్తింది. అరచేతులు చిట్లిపోయాయి. రాయి కొంచెం ఊగింది, ఇంకొంచెం ఊగింది, ఆ తర్వాత దడదడమని దొర్లుకుంటూ పోయి నీళ్ళలో పడింది. నీళ్ళు దాన్ని కదపలేకపోయాయి.

అంతే. అప్పుడు పనివాళ్ళు ఉరికారు. కింద జనాన్ని ఇంకా దూరం జరిపారు. బురుజంతా పోయింది. సరిపోలేదు. చెరువు వైపు గోడ ఉంది చూడు, కిటికీ లేనిది, అదీ పోయింది. ఇంకా సరిపోలేదు. దర్వాజా పక్క గోడ కూడా దొర్లించారు. రాయి మీద రాయి, మధ్యలో మట్టి, మట్టి మీద కంపలు. సాయంత్రం అయ్యేసరికి వాన సన్నబడింది. కట్ట నిలబడింది.

జనం బురదలోనే మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. ముసలివాళ్ళు చెరువు వైపు తిరిగి చేతులెత్తి దండం పెట్టారు.

"కుందమ్మ తల్లే కాపాడింది. కుందమ్మ తల్లే రాళ్ళు పంపింది" అన్నారు.

పేరమ్మ వాళ్ళ మధ్యలోనే నిలబడి ఉంది, చేతులు రక్తం ఓడుతూ. ఆ మాట వినగానే తాటికాయ మళ్ళీ గొంతులోకి ఎగదన్నింది. నేనే పంపాను, నేను, అని చెప్పడానికి నోరు తెరిచింది. చెబితే, అసలు కట్ట రాళ్ళు తీయించిందెవరో కూడా చెప్పాలి కదా. నోరు అలాగే ఉండిపోయింది. అప్పుడు లోపల్నుంచి ఏదో వచ్చింది. మాట కాదు, నవ్వు. నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చి, బురదలో కూలబడిపోయింది. చెన్ని పక్కన కూర్చుని, పిన్నమ్మ ఏడుస్తోందనుకుని వీపు నిమిరింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి దామానాయకుడు తిరిగొచ్చాడు. సగం గోడలు లేని కోట చూసి గుర్రం ఆపేశాడు. పేరమ్మ ఎదురెళ్ళి, దాచకుండా అంతా చెప్పింది. రాళ్ళు తీయించింది తనేనంది. ఎందుకో కూడా చెప్పింది. "పోయినావిడ మీద అసూయ పడ్డాను. మీరు ఏ శిక్ష వేసినా సరే" అంది.

ఆయన గుర్రం దిగాడు. పడిపోయిన రాయి ఒకదాని మీద కూర్చున్నాడు.

"నేనూ పడ్డాను" అన్నాడు.

"ఎవరి మీద?"

"కుందమ్మ మీదే. అది బతికున్నప్పుడు. నేను ఎన్ని యుద్ధాలు గెలిచినా, ఎక్కడికి వెళ్ళినా, కుందమ్మ మొగుడొచ్చాడు అనేవాళ్ళు. చెరువు నిండిన రోజు కట్ట మీదికి రమ్మని పిలిచింది. తలనొప్పిగా ఉందన్నాను. తర్వాత రెండుసార్లు పిలిచింది. వెళ్ళలేదు. ఆ తర్వాత పిలవడానికి అది లేదు."

పేరమ్మ ఇన్నాళ్ళూ ఆయన మౌనంలో కుందమ్మ మీద ప్రేమే ఉందనుకుంది. దాని పక్కన ఇదీ ఉందని తెలియదు. ఆమె కూడా అదే రాయి మీద, కాస్త ఎడంగా కూర్చుంది.

"కోట మళ్ళీ కట్టిద్దామా?" అని అడిగాడాయన, లేస్తూ.

"వద్దు. కింద ఊళ్ళో ఇల్లు చూడండి. చెరువు వైపు కిటికీ ఉన్నది" అంది.

అలా కోట పాడుబడిపోయింది. తుమ్మలు మొలిచాయి. మేకలు ఎక్కాయి. మిగిలిన రాళ్ళు ఊళ్ళోవాళ్ళు గడపలకీ, పశువుల తొట్లకీ తీసుకుపోయారు. ఇప్పుడు వెళితే రెండు గోడలూ, ఒక దర్వాజా ఉన్నాయట. ఎవరు కట్టించారని అడిగితే, "ఎవరో దొరసానట" అంటారు తప్ప పేరు తెలియదు. చెరువు పేరు అడిగితే మాత్రం పాలు తాగే పిల్లలు కూడా చెబుతారు.

మరి పేరమ్మ అసూయ పోయిందా అంటావా? మొత్తం పోలేదమ్మా. కుందమ్మ పేరు వినబడితే, బతికున్నన్నాళ్ళూ కాస్త మూతి ముడుచుకునేదట. కాకపోతే అది మళ్ళీ ఆవగింజంతై, అక్కడే ఆగింది.

ఒకరోజు కిటికీ దగ్గర కూర్చుని చెన్నికి జడ వేస్తోంది. అప్పుడు చెన్ని అడిగింది. "పిన్నమ్మా, మా అమ్మ బతికుంటే నువ్వు పోట్లాడేదానివా?"

"పోట్లాడేదాన్ని."

"ఎవరు గెలిచేవాళ్ళు?"

పేరమ్మ చేతిలోని జడపాయలు వదలకుండా, చెరువు వంక చూస్తూ ఆలోచించింది. "మీ అమ్మే" అంది. ఆ తర్వాత, "కానీ అంత తేలిగ్గా గెలవనిచ్చేదాన్ని కాదు" అంది.

చెన్ని పకపకా నవ్వింది. తల కదిలి జడ ఊడిపోయింది. పేరమ్మ మళ్ళీ మొదటినుంచి అల్లడం మొదలుపెట్టింది.

కథేమో కంచికి పోయె,
కునుకేమో ఇంటికి వచ్చె,
చెరువు నిండ నీళ్ళంట,
చిట్టితల్లి కంట నిదరంట.